రక్తపు పోటు: రైతు సోదరులు తెలిసికొనవలసిన సంగతులు

గత యాసంగి వరికోతల కాలమున రుద్రంగి ప్రాంతపు రైతు ఒకరు, మా సంఘమునకు చిరకాల సభ్యులు, కొనుగోలు కేంద్రమునందు తమ ధాన్యపు కుప్పకు కావలి పరుండి, తెల్లవారుజామున లేవబోయి లేవలేకపోయిరి. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. మూతి ఒక ప్రక్కకు పోయినది. మాట రాలేదు. వారి వయస్సు యాబది రెండేండ్లు. ముందటి దినము సాయంకాలము వరకు బస్తాలు మోసినవారే. మేము పరామర్శకు పోయినప్పుడు ఆయన ఇల్లాలు గూటిలోనుండి ఒక మాత్రల అట్ట తీసి చూపినది. పది మాత్రలలో ఏడు అట్లే యున్నవి. "మంచిగనే ఉన్నడు సారూ. బీపీ నార్మలుకు అచ్చిందన్నరు. ఇగ గోలీలెందుకని ఇడిసిపెట్టిండు" అని ఆమె చెప్పినది.

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము. ఆ కుటుంబమున నాలుగు నెలలలో కాడెద్దుల జత అమ్ముడుపోయినది. ఎకరమున్నర భూమి కౌలుకు పోయినది. సంఘమునకు చెల్లవలసిన వాయిదా నిలిచిపోయినది. వైద్య విషయములు సహకార పత్రికకు ఎందుకని కొందరు సభ్యులు అడుగవచ్చును. వాయిదా తప్పిన ఖాతాల వెనుక కారణములు వెదకినప్పుడు వానలు లేకపోవుట, చీడపీడలు, ధరలు పడిపోవుట వీనితో పాటు మంచము పట్టిన మనిషి కూడ మాకు కనబడుచున్నాడు. కావున ఇది మా పనియే యని తలంచితిమి.

గుండె యొక మోటారు, రక్తనాళములు పైపులు. నీటిని ఎంత ఎత్తునకు ఎక్కింపవలయునో దానినిబట్టి మోటారుపై భారముండునని బావి గల ప్రతి రైతునకు తెలియును. రక్తపు పోటును కూడ ఎత్తుతోనే కొలుతురు. 1733 వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్సు, ఒక గుఱ్ఱపు రక్తనాళమునకు నిలువు గాజు గొట్టమును తగిలించి చూడగా రక్తము ఎనిమిదడుగులకు పైగా ఎగసినదని ప్రకటించెను. మనుష్యులకు గొట్టము గ్రుచ్చుట సాధ్యము కాదు గదా. 1896 లో ఇటలీ వైద్యుడు రీవా రోచీ చేతికి చుట్టి గాలి నింపెడి పట్టీని కనిపెట్టెను. 1905 లో రష్యా వైద్యుడు కొరొట్కోవు ఆ పట్టీ క్రింద వినబడు చప్పుళ్ళనుబట్టి పై అంకె, క్రింది అంకె తెలిసికొను మార్గము చూపెను. గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పటి పోటు పై అంకె. గుండె సడలి నిండునప్పటిది క్రింది అంకె.

120 మిల్లీమీటర్ల పాదరసము అనగా, నీటి లెక్కకు మార్చినచో, అయిదడుగుల నాలుగంగుళముల ఎత్తు. 180 అనగా ఎనిమిదడుగులు. గుండె దినమునకు సుమారు లక్ష మారులు కొట్టుకొనును. లక్ష మారులును అయిదడుగులకు బదులు ఎనిమిదడుగులు ఎక్కింపవలసిన మోటారు గతి యేమగునో వేరుగ చెప్పనక్కరలేదు. అయితే బావి మోటారు కాలినచో వైండింగు చేయించి మరల బిగించుకొందుము; ఇక్కడ ఆ వసతి లేదు.

పైపుల సంగతి ఇంకను ముఖ్యము. ఏండ్ల తరబడి పోటు ఎక్కువైనచో నాళముల లోపలి గోడ గరుకెక్కి బిరుసగును. మెదడులోని సన్నని నాళము పగిలినను పక్షవాతమే. అందులో రక్తపు గడ్డ అడ్డుపడినను పక్షవాతమే. మూత్రపిండములు సన్నని నాళములతో అల్లిన జల్లెడ వంటివి; అవి చెడి కొందరు వారమునకు రెండు మూడు మారులు యంత్రముపై రక్తము శుద్ధి చేయించుకొనవలసిన స్థితికి వచ్చుచున్నారు. గుండెపోటు, కంటిచూపు తగ్గుట కూడ ఇందులోనివే. గర్భిణీ స్త్రీలకు పోటు పెరిగినచో, మన పల్లెలలో గుఱ్ఱపువాతమని చెప్పుకొనెడి మూర్ఛలు వచ్చి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగవచ్చును. అందుచేతనే ప్రతి నెల పరీక్షలోను వారికి పోటు చూచుచుందురు.

ఇంత చెడుచున్నను మనిషికి నొప్పి లేదు. ఈ వ్యాధియొక్క మోసమంతయు ఇందులోనే యున్నది. తేలు కుట్టినచో పరుగెత్తుదుము. జ్వరము వచ్చినచో పడుకొందుము. దీనికి అట్టి గుర్తు లేదు. తలనొప్పి లేనందున పోటు లేదనుకొనుట తప్పు. తలనొప్పి వచ్చిన ప్రతిసారి పోటే యనుకొనుటయు తప్పే. "కష్టము చేయువానికి బీపీ రాదు, అది కుర్చీలో కూర్చుండువారి రోగము" అను మాట మేము ఎన్నోసార్లు వింటిమి. కష్టము చేయుట మేలే, సందేహము లేదు. కాని వయస్సు, వంశము, ఉప్పు, మద్యము, బరువు, నిద్రలేమి వీనికి నాగలి పట్టినవాడని దయ లేదు. 2003, 2004 సంవత్సరములలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో 45 గ్రామములయందు, సుమారు 1 లక్షా 80 వేల జనములో, ఒక సంవత్సరమున చనిపోయిన వారి ఇండ్లకు పోయి కారణములు విచారించిరి. నూటికి 32 మరణములు గుండెకును రక్తనాళములకును సంబంధించినవని తేలినది. అంటువ్యాధులు దాని వెనుకబడి పోయినవి. అవి పట్టణములు కావు, వరి పండించు పల్లెలు. ఇక మన తెలంగాణమున 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము పదునైదేండ్లు పైబడినవారిలో స్త్రీలకు నూటికి 26 మందికి, పురుషులకు 31 మందికి పోటు అధికముగా నున్నది, లేక దానికి మందు వాడుచున్నారు.

మన రాజన్న సిరిసిల్ల జిల్లాకు ఈ విషయమున ఒక విశేషము కలదు. పదునెనిమిదేండ్లు నిండిన వారందరిని ఇంటింట పరీక్షించి ఆరోగ్య వివరములు వ్రాసిపెట్టు కార్యక్రమమును రాష్ట్ర ప్రభుత్వము 2022 మార్చి 5 న రెండు జిల్లాలలో మొదలుపెట్టినది. ఒకటి ములుగు, రెండవది మనది. ఆశా కార్యకర్తలు గడప యెక్కి చేతికి పట్టీ చుట్టి చూచిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. ఆనాడు పొలమునకు పోయినవారు, బొంబాయికో గల్ఫునకో వెళ్ళియున్నవారు మిగిలిపోయియుందురు. చూపించుకొన్నవారైనను అది ఒకనాటి అంకె మాత్రమే. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ఏటికొక మారైనను చూపించుకొనవలయును.

కొలుచుటలో జరుగు తప్పులను గూర్చి కొంచెము వివరముగా చెప్పుట అవసరము. బస్సు దిగి పరుగున వచ్చి, వరుసలో వాదులాడి, బీడీ పారవైచి చేయి చాపినచో వచ్చిన అంకె నమ్మదగినది కాదు. అరగంట ముందునుండి బీడీ, చాయ మానవలయును. మూత్రవిసర్జన చేసికొని, వీపు ఆనించి, రెండు పాదములు నేలపై నిలిపి, అయిదు నిమిషములు ఊరక కూర్చుండవలయును. చేయి గుండె యెత్తున బల్లపై నుండవలయును. చొక్కా మీద పట్టీ చుట్టరాదు. కొలుచుచున్నంతసేపు మాటలాడరాదు. ఒకటి రెండు నిమిషములు ఆగి రెండవసారి కూడ చూడవలయును. వేరు వేరు దినములలో చూచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని యున్నచో పోటు ఉన్నట్లు నిర్ణయింతురు. ఒక్కనాటి అంకెకు భయపడనక్కరలేదు. 180 దాటినచో మాత్రము ఆనాడే వైద్యునికి చూపవలయును.

ఇప్పుడు మాత్రల సంగతి. అమెరికా దేశాధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుకు 1937 లోనే పోటు 162/98 ఉండెను. 1944 మార్చిలో 186/108. ప్రపంచ యుద్ధమును నడుపుచున్న ఆయనకు వైద్యులకు కొదువ లేదు, ధనమునకు కొదువ లేదు. కాని ఆ దినములలో పోటును నిజముగ తగ్గించు మంచి మందే లేదు. ఉప్పు తగ్గించిరి, విశ్రాంతి తీసికొమ్మనిరి. 1945 ఏప్రిల్ 12 న తల వెనుక భరింపరాని నొప్పి యని పడిపోయెను. అప్పుడు కొలువగా 300/190. మెదడులో నాళము పగిలి ఆనాడే చనిపోయెను. అటు తరువాత నాలుగేండ్లకు, 1949 లో, బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలు గారు మన దేశపు సర్పగంధ వేరుతో పోటు తగ్గుచున్నదని ఇంగ్లండు పత్రికలో ప్రకటించిరి. కలకత్తాలో సేన్, బోసు అను వైద్యులు 1931 లోనే ఆ వేరును గూర్చి వ్రాసియుండిరి. ప్రపంచము నలుమూలల వైద్యులు ఆ మందు వాడిరి. నేడు దానికంటె సుఖమైన మందులు వచ్చినందున దాని వాడుక తగ్గినది. అంగళ్ళలో చూర్ణము కొని కొలత లేక మ్రింగుట ప్రమాదము. ఆ వేరు మోతాదు మించినచో మనస్సును క్రుంగదీయును.

అంతటి అధ్యక్షునికి దొరకని మందు నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా దొరకుచున్నది. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ అనునవి సాధారణముగా నిచ్చు మాత్రలు. 2017 నవంబరులో భారత ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఐదు రాష్ట్రములలో పోటు నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినవి. వానిలో తెలంగాణము ఒకటి. ఏ మాత్ర ముందు, ఎంత మోతాదు, తగ్గకున్న తరువాత ఏది అని ఒకే క్రమము ఏర్పరచుట, నెలకు సరిపడు మాత్రలు ఒకేసారి ఇచ్చుట, రానివారిని పేరు పేరున పిలిపించుట ఆ పద్ధతి. 2022 లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారము కూడ లభించినది. పై అంకెను పది మిల్లీమీటర్లు తగ్గించినచో పక్షవాతము వచ్చుట ఇంచుమించు నాలుగవ వంతు తగ్గునని అనేక పరిశోధనలను కలిపి చూచినవారు లెక్కకట్టిరి. ఒక చిన్న మాత్రకు ఇది తక్కువ ఫలము కాదు.

కాని మాత్ర పోటును వేరుతో పెరికివేయదు. అదిమి పట్టుకొనును, అంతే. పరీక్షలో 128/80 వచ్చినదనిన అది రోగము పోయినదని కాదు, మాత్ర పని చేయుచున్నదని అర్థము. చెరువు కట్ట యున్నందున ఊరు మునుగలేదు. ఊరు మునుగలేదు గదా యని కట్టను త్రవ్వివేయుదుమా? మాత్ర మానిన కొన్ని దినములకో వారములకో పోటు మరల మునుపటి చోటికి వచ్చును. కొన్ని రకముల మాత్రలు హఠాత్తుగా మానినచో మునుపటికంటె పైకి కూడ ఎగయును. "మొదలుపెట్టినచో చచ్చువరకు వాడవలయునట" అని కొందరు అసలు మొదలుపెట్టకయే యున్నారు. ఉప్పు, బరువు, మద్యము తగ్గించినవారికి వైద్యుడు మాత్రలు తగ్గించుట కలదు; ఆ తగ్గింపు అంకె చూచి ఆయన చేయవలసినది, మన ఇష్టము కాదు.

మన సభ్యులు మాత్ర మానుటకు చెప్పు కారణములు మేము విన్నంతవరకు కొన్నియే. నాట్లు, కోతల కాలమున దవాఖానకు పోవు తీరిక లేకపోవుట ఒకటి. అట్టివారు పని ముమ్మరము కాకముందే వైద్యునికి చెప్పి రెండు నెలల మందు అడిగి చూడవచ్చును. ఒక్కపొద్దు నాడు మాత్ర మానుట మరియొకటి. గుక్కెడు నీటితో మాత్ర వేసికొన్నచో వ్రతభంగమగునని మేము తలంపము. కాళ్ళ వాపు వచ్చినదని మానినవారు కలరు. అమ్లోడిపిన్ వలన కొందరికి చీలమండలు వాచుట నిజమే. వైద్యునికి చెప్పినచో మోతాదు తగ్గించును, లేక వేరు మాత్ర ఇచ్చును. ఊరక పారవేయుట మార్గము కాదు. ఎండలలో లేచి నిలువగా కన్నులు చీకట్లు క్రమ్మినను అంతే, చెప్పవలయును. ఒకనాడు మరచినచో మరునాడు రెండు వేసికొనరాదు. గర్భము ధరించిన, లేక ధరింపదలచిన స్త్రీలకు టెల్మిసార్టన్ పనికిరాదు గనుక ఆ సంగతి ముందే తెలుపవలయును.

ఒళ్ళునొప్పుల గోలీలను గూర్చి మేము గట్టిగా చెప్పదలచితిమి. నాట్లు వేసిన రాత్రి, పత్తి తీసిన రాత్రి దుకాణమునకు పోయి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కొని మ్రింగుట మన ప్రాంతమున అలవాటైపోయినది. సూది వేయించుకొనువారును కలరు. ఇవి ఒంటిలో ఉప్పును నీటిని నిలిపి పోటును పెంచును, మూత్రపిండములను దెబ్బతీయును, పోటు మాత్రల పనిని కూడ చెడగొట్టును. పోటు గలవారు వైద్యుని అడుగక వానిని ముట్టరాదు.

ఉప్పు సంగతి లెక్కతో చూతము. మనిషికి దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయిదుగురున్న ఇంటికి నెలకు ముప్పాతిక కిలో. మీ ఇంట కిలో పొట్లము ఎన్ని దినములకు అయిపోవుచున్నదో గోడపై గీత గీసి చూడుడు. వేసవిలో జాడీలకెత్తిన మామిడికాయ తొక్కులోని ఉప్పు వేరుగ లెక్కకు రావలయును. అప్పడములు, పొట్లముల కారప్పూస కూడ అంతే. గట్క, అంబలి దోషము లేనివి; ప్రక్కన నంజుకొను తొక్కే ఎక్కువగుచున్నది. చెమటలో ఉప్పు పోవును గనుక ఎక్కువ తినవలెనని కొందరందురు. మనము తినుచున్నది ఇప్పటికే ఆ నష్టమునకు మించి యున్నది. సైంధవ లవణమైనను ఉప్పే.

చైనా దేశమున 600 పల్లెలలో సుమారు 21 వేల మందిపై చేసిన పరిశోధన ఫలితములు 2021 లో వెలువడినవి. వారందరును లోగడ పక్షవాతము వచ్చినవారో, అరువది దాటి పోటు గలవారో. సగము పల్లెలకు మామూలు ఉప్పునకు బదులు నాలుగవ వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు నిచ్చిరి. ఆ పల్లెలలో పక్షవాతములు నూటికి 14 వంతులు తగ్గినవి. మనము పొలమునకు చల్లు పొటాషు ఎరువులోని సరుకు కూడ పొటాషియం క్లోరైడే. అయినను బస్తాలోనిది వంటకు వాడరాదని వేరుగ చెప్పవలసివచ్చుచున్నది, ఏలయనగా ఉపాయములు పన్నువారు ప్రతి ఊరిలోను కలరు! తినుటకు తగిన ఆ రకపు ఉప్పు దుకాణములలో దొరకును. మూత్రపిండముల జబ్బు గలవారికి అది ప్రమాదకరము; టెల్మిసార్టన్ వాడువారు కూడ వైద్యుని అడుగక వాడరాదు. బీడీ, గుట్కా నాళములను చెరచును. కల్లు, సారా పోటును పెంచును. ఇవి అందరికిని తెలిసినవే.

పక్షవాతము వచ్చిననాడు చేయవలసినది గూడ ఇక్కడనే చెప్పుదుము. మూతి వంకరపోవుట, ఒక చేయి పైకెత్తలేకపోవుట, మాట తడబడుట: ఈ మూడింటిలో ఒకటి కనబడినను వెంటనే 108 కి ఫోను చేయవలయును. గడ్డ అడ్డుపడిన పక్షవాతమునకు గడ్డను కరిగించు సూది కలదు. అది నాలుగున్నర గంటలలోపల వేయవలయును. కాని పగిలిన నాళమా, అడ్డుపడిన గడ్డయా యని స్కానింగు చూడనిదే ఆ సూది వేయరు, వేయరాదు కూడ. కావున స్కానింగు గల దవాఖానకే పోవలయును. రుద్రంగినుండి సిరిసిల్లకు, వేములవాడకు, కోరుట్లకు, జగిత్యాలకు దారులున్నవి. ఏ చోట రాత్రిపూట స్కానింగు దొరకునో ప్రతి ఊరివారును ముందే విచారించి యుంచుకొనుట మేలు. మనిషి చివరిసారి బాగుగ ఏ వేళకు కనబడినాడో జ్ఞాపకముంచుకొని వైద్యునికి చెప్పుడు. నోటిలో నీరుగాని, మాత్రగాని పోయరాదు, వేయరాదు. పసరు పోయించుటకు ఇంకొక ఊరికి తీసికొనిపోవు వాడుక మన వైపు కలదు. ఆ వైద్యులతో మాకు వైరము లేదు. కాని ఆ నాలుగున్నర గంటలు దారిలోనే గడచిపోవుచున్నవి. మొదట చెప్పిన రైతును సూర్యోదయమైన తరువాత చూచిరి. ఎప్పుడు పడిపోయినది ఎవరికిని తెలియలేదు.

సహకార సంఘములు ఇందులో చేయగల పని కొంత కలదు. 2023 జూనులో కేంద్ర ప్రభుత్వము దేశమున 2000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు జన ఔషధి దుకాణములు తెరచుటకు సమ్మతించినది. ఎరువులమ్ము చోటనే చౌక మందులు కూడ అమ్మవచ్చునన్నమాట. అంత పని పెట్టుకొనలేని సంఘము కూడ చేతిపై భాగమునకు చుట్టు మంచి యంత్రము నొకదానిని కొని కార్యాలయమున నుంచవచ్చును. ఎరువుల కొరకు, వాయిదా కొరకు వచ్చినవారు అయిదు నిమిషములు కూర్చుండి చూపించుకొని, తేది, అంకె తమ పాసుబుక్కు వెనుక వ్రాసికొని పోవుదురు. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టవలసినదిగా మేము కోరుచున్నాము. గల్ఫు దేశములకు పోవు యువకులు కూడ ప్రయాణమునకు ముందు చూపించుకొని, మాత్రలు వాడుచున్నచో వైద్యుని చీటీని మందులతో పాటు వెంట నుంచుకొనవలయును.

కొనుగోలు కేంద్రమున పడిపోయిన ఆ రైతు ఇప్పుడు కఱ్ఱ ఊతతో వాకిలి వరకు నడచుచున్నారు. మాట కొంత తిరిగివచ్చినది. ఇల్లాలు ప్రతి ఉదయము చాయతో పాటు మాత్ర చేతిలో పెట్టి, వేసికొనునంతవరకు ఎదుట నిలుచుచున్నది. మొన్న చూచినప్పుడు పోటు 134/84. కుడి చేతికి ఇంకను పట్టు రాలేదు. ఈ వానకాలపు నాట్లు ఆయన తమ్ముడు వేయించినాడు.